వర్క్‌ఫ్లో ఆటోమేషన్‌కి వెబ్ స్క్రాపింగ్ కలపడం: వైజాగ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

టెండర్లు చూసుకునే కాంట్రాక్టర్ ఆఫీసులు, పోర్టు చుట్టూ ఉన్న క్లియరింగ్ ఏజెంట్లు, రొయ్యల ఎగుమతి వాళ్లు, ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్లు... వైజాగ్‌లో ఎవరితో ఆటోమేషన్ మాట ఎత్తినా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఫలానా వెబ్‌సైట్ చూడ్డానికే మా దగ్గర రోజూ ఒకళ్లు కూర్చుంటున్నారు, అది దానంతటదే వచ్చేస్తుందా?" వస్తుంది. అలా వెబ్ పేజీలోంచి డేటాని ప్రోగ్రామ్‌తో తీయడమే వెబ్ స్క్రాపింగ్. కాకపోతే తెప్పించడం సులువు, అది రాని రోజు మనకి తెలియడమే కష్టం. ఇక్కడ జవాబుల్లో సగం ఆ కష్టం గురించే. ఉదాహరణలు ఎన్8ఎన్‌తో (పనుల్ని నోడ్లనే ముక్కలుగా వరసపెట్టి నడిపించే ఆటోమేషన్ టూల్, ఆ వరసే వర్క్‌ఫ్లో) చెప్తున్నా, నేను వాడేది అదే కాబట్టి. మేక్, జాపియర్ వాడేవాళ్లకి మెనూల పేర్లు మారతాయి, చిక్కులు మాత్రం అవే.

హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ ఉండగా స్క్రాపింగ్‌కి వేరే ఇంటిగ్రేషన్ ఎందుకు?

చాలాసార్లు అక్కర్లేదు. బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కండి. పేజీ సోర్స్ వస్తుంది. అందులో మీకు కావాల్సిన ముక్క, ఒక టెండర్ నంబరో ధరో, వెతకండి. దొరికితే హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ పేజీని తెస్తుంది, హెచ్‌టీఎంఎల్ నోడ్ సీఎస్‌ఎస్ సెలెక్టర్‌తో (పేజీలో ఏ ముక్క కావాలో చెప్పే గుర్తు) కావాల్సినవి తీస్తుంది, ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

దొరకలేదంటే పేజీ ముందు ఖాళీగా వచ్చి, ఆ తర్వాత జావాస్క్రిప్ట్ నడిచి డేటా నింపుతోందన్నమాట. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ జావాస్క్రిప్ట్ నడపదు, కాబట్టి దానికి ఆ ఖాళీ పేజీయే కనిపిస్తుంది. ఇలాంటి చోట నిజమైన బ్రౌజర్ కావాలి. అది మీరే నడపాలి, లేదంటే అపిఫై, ఫైర్‌క్రాల్, బ్రౌజర్‌లెస్ లాంటి సర్వీసుతో నడిపించుకోవాలి. ఇంటిగ్రేషన్ అవసరం పడేది ఇక్కడే. కానీ ఇంకాస్త ఆగండి, కింది జవాబు చూశాకే డబ్బు కట్టండి.

స్క్రాపింగ్ మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

ఆ డేటా అసలు స్క్రాప్ చేయక్కర్లేకుండా దొరుకుతుందేమో చూసుకోవాలి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి పేజీని రీలోడ్ చేయండి. ఫెచ్, ఎక్స్‌హెచ్‌ఆర్ అని ఫిల్టర్ పెడితే పేజీ వెనక జరిగే కాల్స్ కనిపిస్తాయి, వాటిలో ఒకటి చక్కటి జేసన్ (ప్రోగ్రామ్‌లు సులువుగా చదివే డేటా రూపం) ఇస్తుండొచ్చు. ఆ చిరునామానే నేరుగా పిలిస్తే బ్రౌజరూ వద్దు, సెలెక్టర్లూ వద్దు.

రెండోది, ప్రభుత్వ ఓపెన్ డేటా. మార్కెట్ ధరల కోసం ఏవేవో సైట్లు గీకడం చూస్తుంటాను. దేశంలోని మార్కెట్ల రోజువారీ ధరలు డేటా డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఏపీఐగానే (ప్రోగ్రామ్ నేరుగా డేటా అడిగి తీసుకునే దారి) ఉన్నాయి, రిజిస్టర్ అయితే కీ ఇస్తారు. అయితే అవి మార్కెట్ యార్డుల ధరలు. ఎంవీపీ కాలనీ రైతు బజార్లో బోర్డు మీద రాసే ధర కావాలంటే అది వేరే విషయం, దానికి ఇది సరిపోదు. మీకు ఏ ధర కావాలో ముందు తేల్చుకోండి. క్యాటరింగ్ వాళ్లకి కావాల్సింది ఒకటి, హోల్‌సేల్ వాళ్లకి కావాల్సింది ఇంకొకటి.

ఇక మూడోది మరీ చిన్నది, చాలామంది మర్చిపోయేది: సైట్ వాళ్లని అడగడం. ప్రైవేటు సప్లయర్ అయితే "మీ రేట్ల షీట్ రోజూ మెయిల్ చేస్తారా" అంటే చేసేస్తారు. మెయిల్ రాగానే వర్క్‌ఫ్లోని మొదలుపెట్టే మెయిల్ ట్రిగ్గర్ పెట్టుకుంటే అయిపోతుంది.

స్క్రాపింగ్ సర్వీసుని ఎన్8ఎన్‌లో ఎన్ని రకాలుగా కలపొచ్చు?

హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్‌తో వాళ్ల ఏపీఐని నేరుగా పిలవొచ్చు. ఆ సర్వీసుకి తయారుగా ఉన్న నోడ్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. లేదా మీరే ఒక నోడ్ రాసుకోవచ్చు. నన్నడిగితే మొదటిదానితో మొదలుపెట్టండి. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో కర్ల్ కమాండ్ (ఆ ఏపీఐని పిలిచే రెడీమేడ్ లైను) ఉంటుంది, దాన్ని కాపీ చేసి నోడ్‌లో ఇంపోర్ట్ కర్ల్ నొక్కితే ఫీల్డులన్నీ నిండిపోతాయి. అదే పిలుపు నాలుగైదు వర్క్‌ఫ్లోల్లోకి వచ్చి, ఒకదాంట్లో మార్చినది మిగతావాటిలో మార్చడం మర్చిపోతున్నారంటే, అప్పటికి దాన్ని సబ్ వర్క్‌ఫ్లో (మిగతావన్నీ పిలుచుకునే ఉమ్మడి వర్క్‌ఫ్లో) చేసుకోండి. నోడ్ రాసేవరకూ వెళ్లాల్సిన ఆఫీసులు తక్కువ.

బయటివాళ్లు రాసిపెట్టే కమ్యూనిటీ నోడ్ విషయంలో ఒక్క మాట: అది ఎన్‌పీఎం అనే కోడ్ నిల్వ నుంచి వచ్చే ప్యాకేజీ, ఎవరైనా పెట్టొచ్చు. మీ సర్వర్‌లో అది మీ ఎన్8ఎన్‌కి ఉన్న అధికారంతోనే నడుస్తుంది, మీ డేటా అంతా చూడగలదు. వెరిఫైడ్ అని గుర్తు ఉన్నవాటిని ఎన్8ఎన్ వాళ్లు పరిశీలించి ఉంటారు. గుర్తు లేనిదైతే కోడ్ చదవగలిగినవాళ్లతో ఒకసారి చదివించండి.

సొంతంగా నోడ్ రాయాలంటే ఎంత పని?

టైప్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకి పెద్ద పనేం కాదు. ప్యాకేజీ పేరు ఎన్8ఎన్-నోడ్స్ అనే ముందుమాటతో మొదలవ్వాలి, స్టార్టర్ రిపాజిటరీ వాళ్లే ఇస్తారు. రెండు పద్ధతులున్నాయి. డిక్లరేటివ్ పద్ధతిలో ఏ బటన్‌కి ఏ చిరునామా, ఏ పారామీటర్ అని పట్టికలా రాసేస్తే చాలు, మామూలు రెస్ట్ ఏపీఐకి అది సరిపోతుంది. స్క్రాపింగ్‌లో జాబ్ మొదలుపెట్టి, అయ్యేదాకా చూసి, ఫలితం తెచ్చే వరస ఉంటుంది కాబట్టి అదంతా ఒకే నోడ్‌లో పెట్టాలంటే అంతా కోడ్‌గా రాసే ప్రోగ్రమాటిక్ పద్ధతే హాయి. క్రెడెన్షియల్‌ని (కీ, పాస్‌వర్డ్ లాంటివి దాచే చోటు) వేరే ఫైల్‌లో రాయండి, దానికి ఒక టెస్ట్ రిక్వెస్ట్ కూడా పెట్టండి. కీ తప్పు అని సేవ్ చేసినప్పుడే తెలియడం వేరు, రాత్రి రెండింటికి వర్క్‌ఫ్లో పడిపోయాక తెలియడం వేరు.

నోడ్ నుంచి బయటికొచ్చే జవాబులో ఒక ఫీల్డు తప్పనిసరిగా ఉండాలి: దొరికింది, పేజీ ఖాళీగా ఉంది, అడ్డుకున్నారు, పేజీ మారిపోయింది, ఈ నాలుగిట్లో ఏది జరిగిందో చెప్పేది. ఖాళీ లిస్టు మాత్రం ఇచ్చి ఊరుకునే నోడ్ ఎంత అందంగా ఉన్నా నేను వాడను.

ఏపీఐ కీ ఎక్కడ పెట్టాలి?

క్రెడెన్షియల్స్‌లో. నోడ్ హెడర్ బాక్సులో నేరుగా అతికించొద్దు. వర్క్‌ఫ్లోని జేసన్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఫ్రెండ్‌కి వాట్సాప్‌లో పంపినప్పుడు క్రెడెన్షియల్ పేరు, ఐడీ మాత్రమే వెళ్తాయి, అతికించిన కీ అయితే కీతో సహా వెళ్తుంది. పైన చెప్పిన ఇంపోర్ట్ కర్ల్ వాడితే ఇదే జరుగుతుంది, కాబట్టి ఇంపోర్ట్ అయ్యాక హెడర్ తీసేసి క్రెడెన్షియల్ తగిలించండి. సర్వర్ మార్చేటప్పుడు ఎన్‌క్రిప్షన్ కీని కూడా దాచుకోండి, అది లేకపోతే డేటాబేస్ బ్యాకప్ ఉన్నా క్రెడెన్షియల్స్ తెరుచుకోవు.

స్క్రాపర్ పూర్తవడానికి నాలుగు నిమిషాలు పడుతోంది, మధ్యలో టైమౌట్ వస్తోంది. ఏం చేయాలి?

టైమౌట్ పెంచకండి. పద్ధతి మార్చండి. పెద్ద జాబ్‌లకి ఇలాంటి సర్వీసులు సాధారణంగా పని మొదలుపెట్టి వెంటనే ఒక ఐడీ ఇచ్చే దారి ఇస్తాయి. ఆ ఐడీతో ఇరవై ముప్పై సెకన్లకోసారి "అయిందా" అని అడగొచ్చు, లేదా అయ్యాక వాళ్లే మీ వెబ్‌హుక్‌ని (బయటివాళ్లు మీ వర్క్‌ఫ్లోని పిలిచే చిరునామా) పిలిచేలా పెట్టుకోవచ్చు. ఎన్8ఎన్‌లో వెయిట్ నోడ్‌కి ఆన్ వెబ్‌హుక్ కాల్ అనే ఎంపిక ఉంది, వర్క్‌ఫ్లో అక్కడ నిద్రపోయి, పిలుపు రాగానే అక్కడి నుంచే లేస్తుంది. మామూలు టైమర్‌తో పెట్టిన వెయిట్ 65 సెకన్లలోపు అయితే మెమరీలోనే ఉంటుంది, దానికి మించితే డేటాబేస్‌లోకి వెళ్తుంది. అంటే మధ్యలో సర్వర్ రీస్టార్ట్ అయినా పెద్ద వెయిట్ బతుకుతుంది, చిన్నది పోతుంది.

ఎన్8ఎన్‌ని గాజువాక ఆఫీసులో మూలనున్న పాత పీసీ మీద నడిపేవాళ్లకి వెబ్‌హుక్ నేరుగా పనిచేయదు. మీ పీసీలో ఎన్8ఎన్ చిరునామా అయిన లోకల్‌హోస్ట్ 5678 బయటి వాళ్లకి కనపడదు, పైగా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని పదిమందికి పంచుతుంటే పోర్టు తెరిచినా లాభం ఉండదు. బయటి నుంచి మీ పీసీకి దారి ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లాంటిది పెట్టుకుని, వెబ్‌హుక్ యూఆర్‌ఎల్ సెట్టింగ్‌లో ఆ చిరునామా ఇవ్వాలి. అదంతా తలనొప్పి అనిపిస్తే అడుగుతూ ఉండే పద్ధతే వాడండి, పరువేం పోదు. కాకపోతే ఎన్నిసార్లు అడగాలో ఒక హద్దు పెట్టండి, లేకపోతే ఎప్పటికీ అవ్వని జాబ్ కోసం వర్క్‌ఫ్లో అలా తిరుగుతూనే ఉంటుంది.

డబ్బు ఎందుకు, ప్లేరైట్ (బ్రౌజర్‌ని ప్రోగ్రామ్‌తో నడిపే టూల్) మన సర్వర్లోనే పెట్టేస్తే?

పెట్టొచ్చు, కానీ ఎన్8ఎన్ కంటైనర్ (డాకర్ విడిగా నడిపే పెట్టె లాంటిది) లోపల మాత్రం వద్దు. ఆ డాకర్ ఇమేజ్ ఆల్పైన్ లినక్స్ మీద కట్టింది, ప్లేరైట్ ఆల్పైన్‌కి సపోర్ట్ ఇవ్వదు. బలవంతంగా ఎక్కించినా తర్వాతి అప్‌డేట్‌తో మళ్లీ మొదటికొస్తుంది. ప్లేరైట్‌కి వేరే కంటైనర్ పెట్టి, దాని ముందు చిన్న ఏపీఐ పెట్టి, ఎన్8ఎన్ నుంచి హెచ్‌టీటీపీతో పిలవండి. క్రోమియం బ్రౌజర్ పెద్ద పేజీల దగ్గర ఊరికే క్రాష్ అవుతుంటే డాకర్ షేర్డ్ మెమరీ చూడండి, మామూలుగా అది 64 ఎంబీయే ఉంటుంది, పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. రెండు జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో ఎన్8ఎన్, డేటాబేస్, బ్రౌజర్ మూడూ పెట్టి ఒకేసారి పది పేజీలు తెరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక్కో పేజీ చొప్పున తెరవండి, పని అవ్వగానే బ్రౌజర్ మూసేయండి.

పొద్దున్న తొమ్మిదికి పెట్టాను, సాయంత్రం ఆరున్నరకి నడుస్తోంది. టూల్ పాడైందా?

పాడవ్వలేదు, న్యూయార్క్‌లో ఉంది. సొంతంగా హోస్ట్ చేసిన ఎన్8ఎన్‌లో టైమ్‌జోన్ ఏదీ ఇవ్వకపోతే న్యూయార్క్ తీసుకుంటుంది. అక్కడ వేసవిలో ఉదయం తొమ్మిదంటే మనకి సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. జెనరిక్ టైమ్‌జోన్ వేరియబుల్‌కి ఏషియా/కోల్‌కతా ఇవ్వండి, వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లోనూ ఒకసారి చూడండి. మధ్యాహ్నం రెండున్నరకి నడుస్తోందంటే సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉన్నట్టు. మన టైమ్ దానికన్నా అయిదున్నర గంటలు ముందు, ఆ అరగంట దగ్గర క్రాన్ (షెడ్యూల్ సమయం రాసే పద్ధతి) రాసేవాళ్లు తడబడుతుంటారు.

జిల్లా "విశాఖపట్నం" అని ఫిల్టర్ పెడితే కొన్ని టెండర్లు రావట్లేదు. ఎందుకు?

ఇది టెక్నికల్ ప్రశ్నలా కనిపిస్తుంది గానీ సగం భూగోళం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అనకాపల్లి ఇప్పుడు వేరే జిల్లా, అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పాత రికార్డుల్లో అవన్నీ విశాఖపట్నం కిందే ఉంటాయి, కొత్తవాటిలో ఉండవు. అచ్యుతాపురంలో ప్లాంట్ పనులు చూసుకునే కాంట్రాక్టర్ ఇప్పటికీ "వైజాగ్ టెండర్లు" అనే అంటాడు, అతనికి అనకాపల్లి జిల్లా కూడా కావాలి. క్లయింట్ నోటి మాటని తీసుకెళ్లి ఫిల్టర్‌లో పెట్టేయకుండా, ఏయే ఊళ్లు కావాలో కూర్చుని రాయించుకోండి.

ఇక పేరు. ఇంగ్లీషులో మన ఊరి స్పెల్లింగ్ "ఎస్" తర్వాత "హెచ్" ఉండీ, లేకా రెండు రకాలుగా కనిపిస్తుంది. వైజాగ్ అనీ ఉంటుంది, రైల్వే వాళ్ల దగ్గర వీఎస్‌కేపీ, విమానాల్లో వీటీజెడ్, ఓడల డేటాలో ఐఎన్‌వీటీజెడ్. తెలుగులో విశాఖ, విశాఖపట్నం, విశాఖపట్టణం. ఓడల జాబితా చూసేవాళ్లయితే గంగవరం పోర్టు విశాఖ పోర్టు కాదని గుర్తుంచుకోండి, రెండిటి సైట్లూ వేరు, బెర్తులూ వేరు. ఈ పేర్లన్నిటికీ ఒక చిన్న పట్టిక పెట్టుకుని, డేటా రాగానే ఒకే పేరులోకి మార్చేసి ఆ తర్వాతే ఫిల్టర్ చేయండి.

తెలుగు అక్షరాలు చెత్తగా వస్తున్నాయి. బాగుచేయొచ్చా?

ఏ రకం చెత్త అన్నది చూడాలి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచినప్పుడే చెత్తగా ఉండి, నోట్‌ప్యాడ్‌లో బాగుంటే డేటా బాగానే ఉందని అర్థం, యూటీఎఫ్-8 ఫైల్‌కి మొదట్లో బీఓఎం గుర్తు (ఫైల్ ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో చెప్పేది) లేక ఎక్సెల్ తప్పుగా చదువుతోంది. బీఓఎం చేర్చండి, లేదా గూగుల్ షీట్స్‌కి పంపేయండి.

పీడీఎఫ్ నుంచి తీసినప్పుడు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం వస్తుంటే అది పాత అను ఫాంట్ల లాంటి వాటితో కొట్టిన ఫైల్. అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, తెలుగులా కనిపించే బొమ్మలు. ఫాంట్ కన్వర్టర్ దొరికితే వాడండి, లేదంటే పేజీని ఇమేజ్‌గా మార్చి ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదవడం) చేయండి, కానీ అంకెల్ని మాత్రం మనిషి చూడాల్సిందే.

మూడోది కంటికి కనపడదు. పొల్లు తర్వాత కొందరి కీబోర్డు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరాన్ని పెడుతుంది, కొందరిది పెట్టదు. స్క్రీన్ మీద రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, వెతుకులాటలో మాత్రం వేరు. పోల్చే ముందు ఆ అక్షరాన్ని (యూ+200సీ) తీసేసి, ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజ్ (ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు కోడ్ రూపాల్ని ఒకటి చేయడం) చేయండి. చూపించేటప్పుడు మాత్రం అసలు పాఠమే చూపించండి.

1,25,000 అని ఉన్నది 1 అని వస్తోంది!

జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఫ్లోట్ మొదటి కామా దగ్గరే ఆగిపోతుంది. లక్షా పాతికవేల పని ఒక్క రూపాయి అయిపోతుంది, పైగా ఎర్రర్ కూడా ఇవ్వదు. ముందు కామాలన్నీ తీసేయండి. "1.25 కోట్లు", "12 లక్షలు" అని రాసే సైట్లు వేరే, వాటికి గుణించే లాజిక్ పెట్టాలి. తేదీలదీ ఇదే గోల. 05/06/2025 అంటే మనకి జూన్ 5, జావాస్క్రిప్ట్‌కి వదిలేస్తే మే 6. ఫార్మాట్ మీరే చెప్పండి, ఊహించనివ్వొద్దు. చివరి తేదీ నెల ముందుకి జరిగితే టెండర్ ముగిసిపోయిందనుకుని మీ వర్క్‌ఫ్లోయే దాన్ని పక్కన పడేస్తుంది.

ఒకే టెండర్ రోజూ టెలిగ్రామ్‌లో వస్తోంది. డూప్లికేట్లు ఎలా ఆపాలి?

రిమూవ్ డూప్లికేట్స్ నోడ్‌లో గత రన్‌లలో వచ్చినవాటిని తీసేసే ఎంపిక ఉంది, దానికి టెండర్ నంబరు కీగా ఇస్తే ఆగిపోతాయి. ఆగిపోతాయి గానీ ఇంకో తంటా వస్తుంది. కారిజెండం, అంటే టెండర్ సవరణ నోటీసు. అదే నంబరు మీద చివరి తేదీ పొడిగిస్తారు, ఈఎండీ (టెండర్‌తో కట్టే ధరావతు) మారుస్తారు. నంబరు ఒక్కటే కీ అయితే ఆ మార్పు మీ వర్క్‌ఫ్లోకి "పాతదే" అనిపించి ఊరుకుంటుంది. కాంట్రాక్టర్‌కి కొత్త టెండర్ కన్నా ఈ పొడిగింపే ఒక్కోసారి ఎక్కువ అవసరం. నంబరు, చివరి తేదీ, ఈఎండీ మొత్తం, ఈ మూడూ కలిపి కీ చేయండి. పాత నంబరు కొత్త తేదీతో వస్తే మెసేజ్ మొదట్లో "మారింది" అని పెట్టండి. పేజీ మొత్తాన్ని హ్యాష్ చేసి (ఒక చిన్న కోడ్‌గా కుదించి) పోల్చే తెలివి మాత్రం వద్దు, సందర్శకుల లెక్క మారినా కొత్తదే అంటుంది.

వర్క్‌ఫ్లో పచ్చగానే ఉంది, కానీ వారంగా మెసేజ్‌లు లేవు. అంటే టెండర్లు లేవనేగా?

కావచ్చు. సైట్ డిజైన్ మారి మీ సెలెక్టర్ గుడ్డిదైపోయినా సరిగ్గా ఇలాగే ఉంటుంది. అందరూ భయపడేది ఎర్రగా ఆగిపోయే వర్క్‌ఫ్లోకి, నేను భయపడేది పచ్చగా నడుస్తూ ఏమీ పంపని దానికి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఎన్8ఎన్‌లో ఒక నోడ్ సున్నా ఐటమ్‌లు ఇస్తే తర్వాతి నోడ్లు అసలు నడవవు. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు, రన్ విజయవంతం అని నమోదవుతుంది. తీసే నోడ్‌కి ఆల్వేస్ అవుట్‌పుట్ డేటా ఆన్ చేయండి, దాని వెనక ఒక ఇఫ్ నోడ్ పెట్టండి. ఖాళీ వస్తే నేరుగా "లేవు" అనేసుకోకుండా, పేజీలో ఎప్పుడూ ఉండాల్సింది ఏదైనా ఉందో లేదో చూడండి: పట్టిక శీర్షికలో "టెండర్ నంబర్" అనే మాట, ఆఫీసు పేరు, "రికార్డులు లేవు" అనే వాక్యం. శీర్షిక ఉండి "రికార్డులు లేవు" అని కూడా కనిపిస్తే నిజంగా లేవు. శీర్షికే లేకపోతే పేజీ మారింది, లేదా లాగిన్ పేజీ వచ్చింది, లేదా ఎవరో అడ్డుకున్నారు. అప్పుడు స్టాప్ అండ్ ఎర్రర్ నోడ్‌తో మీరే కావాలని ఎర్రగా చేయండి. వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ని ఒక ఫైల్‌లో దాచండి, రేపు చూసేసరికి సైట్ మళ్లీ బాగైపోయి, ఏమైందో అంతుపట్టకుండా పోతుంది.

ఎర్రర్ ట్రిగ్గర్‌తో వేరే వర్క్‌ఫ్లో పెట్టి, అది మీ ఫోన్‌కి మెసేజ్ పంపేలా కట్టుకోండి. దాన్ని టెస్ట్ చేసేటప్పుడు ఎగ్జిక్యూట్ బటన్ నొక్కి "రాలేదేంటి" అనుకోవద్దు, చేత్తో నడిపిన రన్‌లకి అది పలకదు, షెడ్యూల్ మీద పడిపోతేనే పలుకుతుంది. రోజుకొకసారి, ఏమీ లేకపోయినా, "ఇవాళ ఇన్ని పేజీలు చూశాను, కొత్తవి లేవు" అని ఒక్క లైను క్లయింట్‌కి వెళ్లాలి. మొదట్లో విసుక్కుంటారు. ఆ లైను రాని రోజు వాళ్లే ఫోన్ చేస్తారు, అంతకన్నా మంచి మానిటరింగ్ లేదు.

కరెంటు పోతే, తుఫాను వస్తే?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద తీరం దాటాక ఎన్ని రోజులు కరెంటూ నెట్టూ లేకుండా ఉన్నామో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అంత కాకపోయినా ఆఫీసు పీసీ ఒక పూట ఆగిపోవడం మామూలే. ఆగిన సమయంలో తప్పిపోయిన షెడ్యూల్‌ని ఎన్8ఎన్ తర్వాత మళ్లీ నడపదు. కాబట్టి "ఇవాళ్టి నోటీసులు" అని వెతక్కండి, "చివరిసారి సరిగ్గా నడిచినప్పటి నుంచి వచ్చినవి" అని వెతకండి. ఆ చివరి సమయాన్ని మెసేజ్ వెళ్లిన తర్వాతే రాసుకోవాలి, ముందు కాదు.

తుఫాను వార్తలే స్క్రాప్ చేద్దామనుకునేవాళ్లకి: వాతావరణ శాఖకి విశాఖలోనే తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, బులెటిన్లు వాళ్లే ఇస్తారు. గాలి లేస్తున్నప్పుడు ఆ సైట్ల మీద అందరి కళ్లూ ఉంటాయి, నిమిషానికోసారి మీ బాట్ కూడా వెళ్లి కొట్టొద్దు. వేటకెళ్లే బోట్ల వాళ్లకి సమాచారం మీ వర్క్‌ఫ్లో ద్వారా మాత్రమే అందేలా ఎప్పుడూ కట్టకండి.

403, 429 వస్తున్నాయి. క్యాప్చా కూడా. దాటేయొచ్చా?

403 అంటే "నీకు అనుమతి లేదు" అని, 429 అంటే "మరీ ఎక్కువగా అడుగుతున్నావు" అని. జవాబుతో పాటు రిట్రై ఆఫ్టర్ హెడర్ ఉంటే అందులో ఉన్నంతసేపు ఆగండి. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ ఆప్షన్లలో బ్యాచింగ్ ఉంది, ఒక్కొక్కటిగా, మధ్యలో రెండు మూడు సెకన్ల విరామంతో పంపండి. రిట్రై ఆన్ ఫెయిల్‌ని గుడ్డిగా పెట్టొద్దు, కిందపడ్డ సర్వర్‌ని మళ్లీ మళ్లీ తన్నడమే అవుతుంది. సైట్ ఈట్యాగ్ (పేజీ వెర్షన్ గుర్తు) ఇస్తుంటే దాన్ని తిరిగి పంపండి, మారకపోతే 304 అని చిన్న జవాబు వస్తుంది, ఇద్దరికీ ఖర్చు తగ్గుతుంది. యూజర్ ఏజెంట్‌లో (అడిగేది ఎవరో సైట్‌కి చెప్పే హెడర్) మీ ఆఫీసు పేరు, మెయిల్ పెట్టడం మంచి పద్ధతి.

క్యాప్చా వస్తే ఆగిపోండి. దాన్ని విప్పే సర్వీసులు అమ్ముతారు, నేను కట్టించను. అది మనుషులకే అని సైట్ చెప్తోంది, ఆ మాట వినాలి. రోజుకి రెండు నిమిషాలు మనిషి చూస్తే పోయేదానికి ఇంత యుద్ధం దేనికి?

చట్టం ఏమంటుంది?

నేను లాయర్‌ని కాదు, డబ్బుతో ముడిపడిన పనైతే లాయర్‌నే అడగండి. స్థూలంగా ఇదీ సంగతి: ఐటీ చట్టం, 2000లో సెక్షన్ 43 యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోంచి డేటా తీసుకోవడం గురించి మాట్లాడుతుంది, కాబట్టి లాగిన్ గోడ దాటి తీయడం పబ్లిక్ పేజీ చదవడం లాంటిది కాదు. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు పోగేస్తే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధి చూసుకోవాలి. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ (బాట్లు ఏ పేజీలు చూడొచ్చో సైట్ రాసిపెట్టే ఫైల్) 1994 నుంచి ఉన్న మర్యాద, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309గా ఇంటర్నెట్ ప్రమాణం కూడా అయింది. అది తాళం కాదు, బోర్డు. బోర్డు చదివి నడుచుకోండి. రియల్ ఎస్టేట్ సైట్ల నుంచి ఓనర్ల నంబర్లు తీసి వాట్సాప్ బ్లాస్ట్ చేయాలనే వాళ్లు తరచూ వస్తారు. ఆ పనికి ఈ పేజీ పనికిరాదు.

ఫ్రీలాన్సర్‌ని. నా ఎన్8ఎన్ ఒకటి పెట్టి నలుగురు క్లయింట్లకి నెలవారీ అద్దెకివ్వొచ్చా?

ఉచితంగా దొరికే కమ్యూనిటీ ఎడిషన్‌తో కుదరదు. దాని సస్టెయినబుల్ యూజ్ లైసెన్స్ సొంత వ్యాపార అవసరాలకి వాడుకోనిస్తుంది గానీ, హోస్ట్ చేసి యాక్సెస్‌కి డబ్బు తీసుకోనివ్వదు. క్లయింట్ సర్వర్‌లో క్లయింట్ పేరు మీదే పెట్టి, వర్క్‌ఫ్లోలు కట్టినందుకూ చూసుకున్నందుకూ ఫీజు తీసుకోండి, దానికి అభ్యంతరం లేదు.

ఖర్చు ఎలా లెక్కేయాలి?

ఎన్నిసార్లు చూస్తున్నారో అక్కడ మొదలుపెట్టండి. పదిహేను నిమిషాలకోసారి అంటే రోజుకి 96, ముప్పై రోజులకి 2,880 పేజీలు, అదీ ఒక్క సైట్‌కి. టెండర్ నోటీసు అర్ధరాత్రి రెండింటికి చూసి ఎవరు ఏం చేస్తారు? ఆఫీసు వేళల్లో గంటకోసారి చాలు, చాలామందికి రోజుకి మూడుసార్లు చాలు. బ్రౌజర్ నడిపే పేజీకి మామూలు పేజీ కన్నా ఎక్కువ క్రెడిట్లు కోసే ప్లాన్లు ఉన్నాయి, కట్టే ముందు అది చదవండి. లిస్ట్ పేజీని మామూలు రిక్వెస్ట్‌తో చూసి, కొత్తది కనిపిస్తేనే దాని వివరాల పేజీకి బ్రౌజర్ పంపితే బిల్లు బాగా తగ్గుతుంది.

సెలెక్టర్లు ఎందుకు, పేజీ మొత్తం ఏఐకి ఇచ్చేస్తే?

పదిరకాల ఆఫీసులు పదిరకాలుగా రాసే నోటీసులకి బాగా పనికొస్తుంది. ఒకే పట్టిక రోజూ ఒకేలా వచ్చే చోట మాత్రం దండగ ఖర్చు. పైగా పేజీలో ఈఎండీ మొత్తం లేకపోతే, అడిగారు కదా అని ఏదో ఒక అంకె పుట్టించొచ్చు. అందుకే ఏఐ ఇచ్చిన ప్రతి అంకె, ప్రతి తేదీ అసలు పాఠంలో యథాతథంగా ఉందో లేదో ఒక కోడ్ నోడ్‌తో సరిచూడండి, లేకపోతే ఆ ఫీల్డు ఖాళీగా వదిలేయండి. పేజీలో ఎవరైనా ఏఐని ఉద్దేశించి దాచి రాసిన ఆదేశాలు ఉండొచ్చు, కాబట్టి ఆ ఏఐ నోడ్ చేతికి మెయిల్ పంపే అధికారం ఇవ్వకండి.

మొదటిసారి చేస్తున్నా, దేని మీద నేర్చుకోవాలి?

క్లయింట్ సైట్ మీద కాదు. బుక్స్ టు స్క్రేప్ అని సాధన కోసమే పెట్టిన సైట్ ఉంది, 50 పేజీల్లో 1,000 పుస్తకాలు. హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ పేజినేషన్ (ఒక్కో పేజీ దాటుకుంటూ అన్నీ తేవడం) అక్కడ నేర్చుకోండి. అదే కుటుంబంలో కోట్స్ టు స్క్రేప్ ఉంది, దానికి జావాస్క్రిప్ట్‌తో నిండే రూపం కూడా ఉంది. దాన్ని ముందు మామూలు రిక్వెస్ట్‌తో, తర్వాత బ్రౌజర్ సర్వీసుతో తెచ్చి రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత కావాలనే సెలెక్టర్‌లో ఒక అక్షరం తప్పు రాసి, షెడ్యూల్ మీద నడవనిచ్చి, మీ ఫోన్‌కి మెసేజ్ వస్తుందో లేదో చూడండి. వస్తేనే అసలు సైట్ జోలికెళ్లండి.